పండుటాకు – ఎండుటాకు

కాలము భగవత్స్వరూపమని పెద్దలు చెప్పుదురు. ఋతువులారును ఆ కాలపురుషుని అడుగులు. వానిలో శిశిరమునకు లోకమున అంత మంచిపేరు లేదు. వసంతమును కవులు పొగడుదురు. వర్షర్తువునకై కర్షకుడు ఎదురుచూచును. శరత్తునకు వెన్నెల శోభ నిచ్చును. మాఘ ఫాల్గుణములతో కూడిన శిశిరమును మాత్రము ఆకులు రాలెడి కాలమని యొక్కమాటలో చెప్పి విడిచిపెట్టుదురు. అయినను యాదగిరిగుట్టకు వచ్చెడి భక్తుడు గమనింపదగిన విశేషమొకటి కలదు. శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి బ్రహ్మోత్సవములు ఫాల్గుణ శుద్ధమున, అనగా సరిగా ఈ ఆకులు రాలెడి దినములలోనే జరుగును. గుట్టపై స్వామికి కల్యాణము జరుగుచుండగా గుట్ట క్రింద చెట్లు తమ ఆకులను విడుచుచుండును. ఉత్సవమునకును ఈ విడుపునకును సంబంధమేమైనను కలదా యని ఆలోచించుట వ్యర్థము కాదు.

శీతలదేశములలో ఆకులకు రంగులు వచ్చుట శరత్కాలమున. అమెరికా ఈశాన్య రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారు దసరా దీపావళుల నడుమ మేపుల్ వృక్షములు ఎర్రబారుట చూచుచుందురు. తెలంగాణపు మెట్టభూములలో శరత్తు రంగు ఆకులది కాదు, పూవులది. తంగేడు, గునుగు, బంతి ఆ దినములలో విరియబూచును. ఆడుబిడ్డలు వానిని భాద్రపద అమావాస్య మొదలుకొని తొమ్మిది దినములు బతుకమ్మగా పేర్చి, ఆడి, పాడి, కడకు నీట విడుతురు. ఆకుల వంతు శిశిరమున వచ్చును. అచట చలియు తగ్గుచున్న పగటివేళయు ఆకును రాల్చును. ఇచట నేలలో తగ్గుచున్న తేమ రాల్చును. రానున్న వేసవిలో నీరు చాలదని యెరిగి చెట్టు తన ఖర్చును ముందే తగ్గించుకొనును.

గుట్ట క్రింది యిండ్ల పెరళ్లలో ఈ శోభను చూడవలెను. నాటుబాదము ఆకులు వెడల్పైనవి. అవి మొదట పసుపుబారి, పిదప కుంకుమవన్నెకు తిరుగును. ఒకే ఆకున సగము పసుపు, సగము ఎరుపు కనబడుటయు కలదు. ఉసిరిక చిన్నియాకులు పసుపురంగు పొడివలె రాలి చెట్టు మొదట పరచుకొనును. దానిమ్మ పలుచబడును. వేప కొంత ఆలసించి, పాతయాకు రాలుచుండగనే రాగిరంగు చిగురు తొడుగును. ఊరి వెలుపలి రాళ్లగుట్టలపై సీతాఫలపు పొదలు బోసిపోవును. మోదుగు తన ఆకులన్నిటిని విడిచి, ఆకులేని కొమ్మలపై నిప్పుకణికల వంటి పూవులను నిలుపును. ఆ మోదుగుపూల రంగునీటితోనే ఫాల్గుణ పూర్ణిమ నాడు పల్లెలలో హోళీ ఆడెడివారు.

ఈ రంగులెచ్చటినుండి వచ్చును? వృక్షశాస్త్రము చెప్పెడి సమాధానము ధర్మజిజ్ఞాసువునకును ఉపకరించునట్టిది. ఆకునందు పచ్చదనమును కలిగించునది పత్రహరితము. సూర్యరశ్మిని గ్రహించి చెట్టునకు ఆహారము వండుటలో ప్రధానమైన పదార్థమది. ఆకు ముదిరిన పిమ్మట చెట్టు ఆ పత్రహరితమును విడగొట్టి, ఆకునందలి నత్రజనిని, భాస్వరమును కొమ్మలోనికి తిరిగి తీసికొనును. అనేక వృక్షములలో సుమారు సగము సారము ఈ విధముగా వెనుకకు చేరును. పచ్చదనము తొలగగానే, లేతనాటినుండియు ఆకులో దాగియున్న కెరోటినాయిడ్లను పసుపువన్నె పదార్థములు బయటపడును. ఎరుపు అట్టిది కాదు. ఆంథోసయనిన్ అనెడి ఆ వర్ణమును పెక్కు ఆకులు తమ తుదిదినములలోనే క్రొత్తగా తయారుచేసికొనును. అనగా పండిన ఆకునందలి అందములో కొంత మొదటినుండియు ఉన్నదే, పని సందడిలో కనబడనిది; కొంత చివరిదశలో సంపాదించుకొన్నది. వార్ధక్యమును గూర్చి ఇంతకంటె చక్కని మాట మరియొకటి దొరకుట కష్టము. జీవితమంతయు లెక్కలు వ్రాసి అలసిన పురుషునిలో, అరువదియేండ్లు దాటిన పిమ్మట మనుమరాండ్రకు కథలు చెప్పెడి మాధుర్యము బయటపడుట లోకమున కనబడుచున్నదే కదా!

తెలుగుభాష ఈ ఆకును ‘పండుటాకు’ అన్నది. చెడిన ఆకు అనలేదు, చచ్చిన ఆకు అనలేదు. పండునకు వాడిన మాటనే ఆకునకును వాడినది. దీనికి తోడు ‘ఎండుటాకు’ అను మరియొక మాటయు కలదు. పండుటకును ఎండుటకును ధ్వనిలో భేదమొక్క అక్షరమే. అర్థమున మాత్రము ఆ రెంటి నడుమ ఎంత దూరమున్నదో ఒక పెరటిని ఊహించుకొన్నచో తెలియును.

గుట్ట క్రింద ఒక పాతయిల్లు. పెరటిలో బాదముచెట్టు. ఇంటి పెద్దావిడ భర్త గతించిన పిమ్మట ఇరువదియేండ్లుగా ఆ యింటిని నడపుచున్నది. బీరువా తాళపుచెవులు ఆమె బొడ్డుననే యుండును. ప్రొద్దున లేచినది మొదలు పెరటిలో ఆకులూడ్చుట ఆమె పని. సంక్రాంతినాడు పొరుగు పిల్లల గాలిపటము ఆ చెట్టున చిక్కుకొనగా, వారు దారము గుంజుటలో చిన్నరెమ్మయొకటి విరిగి, పూర్తిగా తెగి, పైకొమ్మల నడుమ ఇరుకుకొని నిలిచిపోయినది. ఫాల్గుణము వచ్చినది. చెట్టున మిగిలిన ఆకులన్నియు ఎర్రబారి రాలుచున్నవి. కుమారునకు విసుగు కలిగినది.

“అమ్మా, దినాం ఇంత చెత్త ఊడ్చుడు నీతోని ఎట్లయితది? చెట్టు కొట్టిస్త.”

తల్లి చీపురు ఆపి పైకి చూపినది. “ఆ ఇరిగిన రెమ్మ చూడు బిడ్డా. దాని ఆకులు రాలలేదు. ఎండి అట్లనే పట్టుకొని ఉన్నయి. రాలుతున్నదంటే చెట్టు బతికున్నట్టు.”

ఆ తల్లి చెప్పినది శాస్త్రసమ్మతమైన మాట. ఆకు తానుగా ఊడిపడదు. ఆకుకాడ కొమ్మతో కలిసెడి చోట పలుచని కణముల పొరయొకటి యుండును. ఆకు బలముగా నున్నంతవరకు ఆక్సిన్ అనెడి ద్రవ్యమును కాడగుండ కొమ్మకు పంపుచుండును; అది వచ్చుచున్నంతకాలము ఆ పొర గట్టిగా నుండును. ఆకు ముదిరి ఆ ద్రవ్యము తగ్గినప్పుడు, ఇథిలీన్ వాయువు ప్రభావమున ఆ కణముల నడుమ బంధము సడలును. అప్పుడు చిన్నగాలి చాలును. ఆకు వీడిన చోట బెరడువంటి పొరయేర్పడి కొమ్మకు గాయము లేకుండ మూసివేయును. ఇదియంతయు ప్రాణము చేయవలసిన పని. విరిగిన రెమ్మలో ఆ పనిచేయుటకు ప్రాణము లేదు. కావున దాని ఆకులు పండవు, సారమును తిరిగి ఈయవు, సులువుగా రాలవు. ముడుచుకొని, గోధుమవన్నెకు తిరిగి, గాలి పెరికివేయువరకు కొమ్మను పట్టుకొని వ్రేలాడుచుండును.

ఇచట ధర్మప్రశ్న ఎదురగుచున్నది. విడుచుట యనగా ఏమి? లోకమున పలువురు త్యాగమును నష్టమని తలచుదురు. చేతనైనవాడు పట్టుకొనును, చేతకానివాడు విడుచును అందురు. ఈ చెట్టు చెప్పుచున్నది దీనికి వ్యతిరేకము. పట్టుకొని యుండుట మృతమైనదాని లక్షణము; విడువగలుగుట సజీవమైనదాని లక్షణము.

అయితే విడిచినదంతయు త్యాగమగునా? కాదు. శ్రీకృష్ణపరమాత్మ గీత పదునెనిమిదవ అధ్యాయమున త్యాగమును మూడువిధములుగా విభజించి చెప్పినాడు. చేయవలసిన కర్మను మోహముచే విడుచుట తామసము. శరీరమునకు శ్రమయని భయపడి విడుచుట రాజసము; దానివలన త్యాగఫలము లభింపదు. కర్తవ్యమును కర్తవ్యముగా చేయుచు, అందలి సంగమును ఫలాపేక్షను విడుచుట సాత్త్వికము. ఈ మూడింటికిని పెరటిలోనే ఉదాహరణములు కలవు. విరిగిన రెమ్మ తామసమునకు గురుతు. “నాకెవ్వరును వద్దు, నాకేమియు వద్దు” అని అలిగి యింటినుండి విడివడిన వృద్ధుడు అట్టివాడు. అతడు విడిచితిననుకొనును, కాని పాతకోపమును ఎండుటాకువలె పట్టుకొనియే యుండును. ఒకచోటినుండి పెకలించి మరియొకచోట నాటిన మొక్క, వేరు చెదిరిన బాధకు ఓర్వలేక పచ్చని ఆకులనే రాల్చివేయును. అది రాజసత్యాగము వంటిది. కష్టము రాగానే బాధ్యతను జారవిడిచి దానికి వైరాగ్యమని పేరుపెట్టుకొనువారు ఈ కోవకు చెందుదురు. పండుటాకు మాత్రము తన కాలమంతయు ఎండలో నిలిచి పనిచేసి, తన సారమును చెట్టునకు అప్పగించి, పిదప విడుచును. అది సాత్త్వికము.

ఈ క్షేత్రమున వెలసిన స్వామి కథయు ఈ ప్రశ్నకే సమాధానము. యాదమహర్షి తపస్సునకు మెచ్చి జ్వాల, యోగానంద, గండభేరుండ, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపములతో ఇచట వెలసిన స్వామి, కృతయుగమున స్తంభమునుండి వెలువడినది దేనికొరకు? హిరణ్యకశిపుడు బ్రహ్మను కోరిన వరములన్నిటి సారము ఒక్కటే: తాను రాలరాదు. పగలు కాని రాత్రి కాని, లోపల కాని వెలుపల కాని, నేలపై కాని నింగిపై కాని, నరునివలన కాని మృగమువలన కాని, ఆయుధముచే కాని తనకు చావు రాకూడదని అన్ని వాకిళ్లను మూసికొన్నాడు. స్వామి సంధ్యవేళ, గడపపై, తన తొడమీద, గోళ్లతో ఆ బంధమును త్రెంచినాడు. విడువజాలని వానిని పెరికివేయవలసి వచ్చినది. ప్రహ్లాదుడు అట్లు కాదు. ఏమి కావలెనో కోరుకొమ్మని స్వామి అడిగినపుడు, తన హృదయమున కోరికలు మొలకెత్తకుండుటయే వరముగా కోరినాడు. పిదప తన తండ్రి పవిత్రుడు కావలెనని ప్రార్థించినాడు. ఇంతచేసి అతడు అడవికి పోలేదు. స్వామి ఆజ్ఞను శిరసావహించి రాజ్యమును పాలించినాడు. కోరికను విడిచినవాడు పనిని విడువనక్కరలేదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఈ సంగతిని పురాణముతో ముగించినచో చాలదు. ఇది ప్రతియింటి సంగతి. తాళపుచెవులు ఎప్పుడు ఈయవలెను, ఎవరి చేతికీయవలెను, ఇచ్చిన పిమ్మట తన గతియేమి అనెడి భయము ముదివయసున చాలమందిని బాధించుచున్నది. ఆ భయమునకు కారణము లేకపోలేదు. ఆస్తి వ్రాయించుకొని తల్లిదండ్రులను నిరాదరించినవారు ఉండుటచేతనే, 2007వ సంవత్సరమున తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమములకై కేంద్రచట్టము వచ్చినది. తమ్ము చూచుకొనవలెనను నియమముతో ఇచ్చిన ఆస్తిని పుచ్చుకొని, ఆ నియమమును తప్పినవారి విషయమున ఆ బదిలీ చెల్లదని ప్రకటించు అవకాశమును ఆ చట్టము కల్పించినది. ధర్మము తనంతట నడచిన యింటికి ఆ చట్టముతో పనిలేదు; నడువని యింటనున్న వృద్ధునకు దానిని ఆశ్రయించుట దోషము కాదు.

చెట్టు ఇరుపక్షములకును బోధించుచున్నది. పిన్నలకు చెప్పునదేమనగా: పచ్చని ఆకును చెట్టు త్రెంచివేయదు. ఆకునుండి వచ్చుచున్న సంకేతము తనంతట తగ్గువరకు వేచియుండును. పెద్దలు ఇంకను చేయగలిగిన పనిని వారి చేతినుండి లాగికొనుట, వారి మాట సాగుచుండగనే వారిని మూలకు కూర్చుండబెట్టుట పచ్చని ఆకును గిల్లుటయే. పెద్దలకు చెప్పునదేమనగా: ఆకు రాలుటకు ముందే దాని కాడ మూలన చిన్నమొగ్గ యొకటి సిద్ధమై యుండును. తనవెనుక వచ్చువారిని సిద్ధపరుపకుండ విడుచుట త్యాగము కాదు. సిద్ధమైనవారు కనబడుచున్నను విడువకుండుట ధర్మము కాదు. మరియు ఆకు పసుపుబారిన దినముననే రాలిపోదు. ముందు తన సారమును అప్పగించును. పెద్దలయొద్ద బంగారముకంటె విలువైన సారము కలదు: పొలము హద్దులు, బంధువుల వరుసలు, ఇంటి వ్రతవిధానము, ఎవరి ఋణము తీర్చవలెను, ఎవరి మేలు మరువరాదు అనునవి. ఇవి చెప్పకుండ తాళపుచెవులు మాత్రమిచ్చిన ఇల్లు, సారము మరలి రాకుండ ఆకులు కోల్పోయిన చెట్టు వంటిది.

పైని ఊహించిన యింటి పెద్దావిడయు అట్లే చేసినదనుకొందము. కొడుకునకు చెప్పిన మాట ఆ రాత్రి ఆమెకే తిరిగి వినబడియుండును. మరునాడు తాళపుచెవులు ఈయలేదు. స్వామి నైవేద్యమునకు పులిహోర పాళ్లు ముందు కోడలికి నేర్పినది. తరువాత పత్రముల పెట్టె తెరచి ఒక్కొక్క కాగితము ఏమిటో చెప్పినది. ఉగాది దాటిన పిమ్మట గుత్తిని బొడ్డునుండి తీసి కోడలి చేతిలో పెట్టినది. తులసికోటకు నీరుపోయుట మాత్రము తనకే యుంచుకొన్నది. అత్త చేతినుండి గుత్తి పుచ్చుకొన్న కోడలు ఆ సాయంత్రము ఏమి వండవలెనో అత్తనే అడిగినది. ఇంతటితో ఆ యింట ఇద్దరికిని గౌరవము నిలిచినది.

వైష్ణవసిద్ధాంతమున ఈ విడుపునకు మరింత లోతైన పేరు కలదు. శరణాగతికి ఆరు అంగములను పెద్దలు చెప్పిరి, వానిలో ఆత్మనిక్షేపమొకటి. నిక్షేపమనగా పారవేయుట కాదు, యజమాని సొత్తును యజమానియొద్ద ఉంచుట. జీవుడు శేషుడు, భగవంతుడు శేషి. ఆకు చెట్టుకొరకు ఉన్నది. ఆకునందున్న సారము చెట్టుది. తనదికాని దానిని తనదని పట్టుకొనుటయే బంధము. ఎవరిదో వారికి అప్పగించుటయే మోక్షమునకు దారి. తల్లిని తాను పట్టుకొనెడి కోతిపిల్ల, తల్లియే నోట కరచికొనిపోయెడి పిల్లికూన అను రెండు దృష్టాంతములతో, రక్షణలో జీవుని ప్రయత్నమెంత, భగవంతుని కృపయెంత యని ఆచార్యులు చర్చించిరి. ఆకును అడిగినచో అది వివాదపడదు. తాను పట్టు సడలించుటయు, చెట్టు తన్ను విడుదల చేయుటయు ఒకే క్షణమున జరుగుచున్నవి.

ఈ క్షేత్రమే ఇటీవల ఈ ధర్మమును కన్నులయెదుట చూపినది. ఆలయ పునర్నిర్మాణమునకై 2016వ సంవత్సరమున బాలాలయము ఏర్పడి, నిత్యపూజలు అచట సాగినవి. పాతమండపములు తొలగినవి, కృష్ణశిలతో క్రొత్తమండపములు, ప్రాకారములు, గోపురములు లేచినవి. 2022 మార్చి 28న, ఫాల్గుణ బహుళ ఏకాదశినాడు, మహాకుంభసంప్రోక్షణము జరిగి మూలవిరాట్టు దర్శనము భక్తులకు మరల లభించినది. పాతగుడిని ఎరిగినవారికి ఆ మార్పు మనసున కొంత కలత కలిగించి యుండవచ్చును. కాని గుహలోని స్వయంభూమూర్తి కదలలేదు. తొలగినది ఆకు, నిలిచినది మూలము. ఆ సంప్రోక్షణమును ఆకులు రాలి చిగురు తొడిగెడి ఫాల్గుణముననే జరుగుట మరియు హృద్యము.

ఏ దృష్టాంతమునకైనను హద్దు కలదు. దానిని చెప్పక విడుచుట పాఠకులకు అపచారము. పండిన ఆకు రాలుట వేరు, గాలివానకు లేతకొమ్మ విరుగుట వేరు. ఎదిగెడి బిడ్డను కోల్పోయిన తల్లియొద్దకు పోయి పండుటాకు కథ చెప్పరాదు. అచట రాలినది పండుటాకు కాదు. అట్టి దుఃఖమునకు త్యాగమని పేరుపెట్టి ఓర్చుకొమ్మనుట క్రౌర్యము. అచట భక్తుడు చేయదగినది ప్రక్కన కూర్చుండుట, అన్నము పెట్టుట, తోడై గుట్ట మెట్లెక్కుట. ఉగ్రరూపుడైన స్వామి బాలుడైన ప్రహ్లాదుని తలపై చేయి ఉంచి లాలించినాడే కాని, ముందుగా వేదాంతము బోధింపలేదు.

రాలిన ఆకు కథయు అంతటితో ముగియదు. మోదుగాకులు విస్తరులై అతిథికి అన్నము పెట్టును. పెరటిలో ఊడ్చిన బాదము, వేప, ఉసిరిక ఆకులను తగులబెట్టక చెట్టు మొదటనే చిన్నగుంటలో వేసి మన్ను కప్పినచో, వానకాలము నాటికి అవి మెత్తని ఎరువగుట మొదలిడును. రాలుటకు ముందు సగము సారమును కొమ్మకిచ్చిన ఆకు, మిగిలిన సగమును వేరున కిచ్చును. తనకై యుంచుకొన్నది ఏమియు లేదు. భక్తితో సమర్పించిన ఆకునైనను పువ్వునైనను పండునైనను నీటినైనను స్వీకరింతునని గీతలో చెప్పిన భగవంతుడు, వానిలో మొదట ఆకును పేర్కొనుట ఈ సందర్భమున స్మరింపదగినది.

కావున ఫాల్గుణమున గుట్టకు వచ్చెడి భక్తులు కల్యాణము సేవించి దిగివచ్చునపుడు, దారిలో ఎర్రని బాదమాకు కనబడినచో ఒక్కక్షణము నిలిచి చూతురుగాక. పండునట్లు జీవించుటయు, పండిన పిమ్మట పట్టు సడలించుటయు, సడలించుటకు ముందు ఈయవలసినదంతయు ఇచ్చివేయుటయు ఆ యాకు తన బ్రతుకుతో చూపుచున్నది. ప్రతిగృహమునందును పెద్దలు పండుటాకులవలె గౌరవమును పొందుదురుగాక. ఎవ్వరును విరిగిన రెమ్మపై ఎండుటాకులుగా మిగులకుందురుగాక. అందులకు శ్రీ యాదగిరి లక్ష్మీనరసింహస్వామి కృప అందరికిని లభించుగాక!